గదిని దిద్దడం, పాటను దిద్దడం

ఇంట్లో పాట వినే గదిలో ఈక్వలైజర్ వాడడం వెనుక ఒక నమ్మకం ఉంది. వినబడుతున్న శబ్దం ఉండవలసినట్టు లేదు, దాన్ని సరిచేయవచ్చు అన్నది ఆ నమ్మకం. శబ్దానికి ఉండవలసిన తీరు అంటూ ఒకటి ఉందనీ, వినేవాడు దాన్ని గుర్తుపట్టగలడనీ అందులో ముందే ఒప్పుకున్నట్టయింది. రెండూ అంత సులువుగా ఒప్పుకోదగిన మాటలు కావు. గాయకుడి గొంతు దగ్గర పుట్టిన నాదం, స్టూడియోలో ఇంజనీరు విన్న నాదం, డిస్కు మీద నిలిచిన నాదం, వినేవాడి చెవికి చివరికి చేరిన నాదం ఒకటి కావు. వీటిలో దేన్ని అసలు శబ్దం అనాలి? సరిచేయడం అంటే ఆ అసలుకు దగ్గర కావడమా, నచ్చినదాన్ని తయారుచేసుకోవడమా? శబ్దం నిత్యమా, పుట్టి పోయేదా అని శతాబ్దాల పాటు వాదించుకున్న భారతీయ దార్శనికులు ఈ చిక్కును వేరే రూపంలో ఎదుర్కొన్నారు. ఉన్నదాన్ని వ్యక్తం చేయడం వేరు, లేనిదాన్ని పుట్టించడం వేరు అని వారు చేసిన విభజన ఇక్కడ నేరుగా పనికొస్తుంది. ఈక్వలైజర్ ఎక్కడ అడ్డు తొలగిస్తోంది, ఎక్కడ కొత్తది పుట్టిస్తోంది అని విడదీసి చూస్తే ఎంతవరకు దిద్దాలో, ఎక్కడ ఆగాలో తేలుతుంది.

పరికరం, దాని మొదటి పని

మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వింటుంది. ఈక్వలైజర్ ఆ మొత్తాన్ని పట్టీలుగా విడదీసి, ఒక్కో పట్టీ బలాన్ని డెసిబెల్‌ల లెక్కన పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. గ్రాఫిక్ ఈక్వలైజర్‌లో నిలువు మీటలు వరుసగా ఉంటాయి. పది మీటలుంటే ఒక్కోదాని కింద ఒక పూర్తి స్థాయి వస్తుంది, 31 ఉంటే స్థాయిలో మూడో వంతు వస్తుంది. పారామెట్రిక్ ఈక్వలైజర్‌లో ఏ పౌనఃపున్యం దగ్గర, ఎంత వెడల్పున, ఎంత మేర అనే మూడింటినీ విడివిడిగా నిర్ణయించవచ్చు. ఆ పేరుతో జార్జ్ మాసెన్‌బర్గ్ 1972లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ ముందు పత్రం ఉంచారు. అంతకు ఇరవై ఏళ్ల ముందు, 1952లో, పీటర్ బాక్సండాల్ ప్రచురించిన సర్క్యూట్ బేస్, ట్రెబుల్ గుండీల రూపంలో లెక్కలేనన్ని ఆంప్లిఫయర్లలోకి చేరింది.

ఈ పద్ధతికి తొలి అవసరం టెలిఫోన్ తీగల దగ్గర వచ్చింది. దూరం పెరిగేకొద్దీ తీగ పై పౌనఃపున్యాలను ఎక్కువగా మింగేస్తుంది, మాట మొద్దుబారుతుంది. పోయినంత మేర తిరిగి చేర్చే సర్క్యూట్లను ఇంజనీర్లు దారిలో అమర్చారు. అక్కడ ఏది సరైనదన్న సందేహమే లేదు. ఈ కొసన పలికిన మాట ఆ కొసన వినబడాలి, తీగ ఎంత తగ్గించిందో కొలవవచ్చు, అంతే కలపవచ్చు.

గ్రామఫోన్ రికార్డు మరింత స్పష్టమైన ఉదాహరణ. మంద్ర స్వరాలను ఉన్నదున్నట్టు చెక్కితే గాడి విపరీతంగా ఊగి పక్క గాడిలోకి పోతుంది. పై స్వరాలను అలాగే వదిలేస్తే సూది రాపిడి చప్పుడులో కలిసిపోతాయి. అందుకని చెక్కేటప్పుడు బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచుతారు. వినిపించేటప్పుడు దానికి సరిగ్గా తలకిందులుగా దిద్దుతారు. ఏ కంపెనీ దారి దానిదిగా ఉన్న ఈ లెక్కకు 1954లో అమెరికా రికార్డింగు పరిశ్రమ సంఘం (ఆర్‌ఐఏఏ) ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం వినిపించేటప్పుడు 20 హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెల్‌లకు పైగా పెరుగుతుంది, 20,000 హెర్ట్జ్ దగ్గర దాదాపు అంతే తగ్గుతుంది. అంత పెద్ద దిద్దుబాటు జరిగినా పాటను మార్చారని ఎవరూ అనరు, ఎందుకంటే జరిగిన వికారం తెలుసు, దానికి విరుగుడూ తెలుసు. ఈక్వలైజర్ ఏ అనుమానమూ లేకుండా సత్యం వైపు నడిచే చోటు ఇది. గదిలోకి వచ్చేసరికి ఈ నిశ్చయం సడలుతుంది.

గది చేసే పని

స్పీకర్ నుంచి బయలుదేరిన శబ్దం నేరుగా ఒకసారి, గోడలకూ కప్పుకూ నేలకూ తగిలి అనేకసార్లు చెవికి చేరుతుంది. పై స్వరాల తరంగదైర్ఘ్యం చిన్నది, 10,000 హెర్ట్జ్ దగ్గర మూడున్నర సెంటీమీటర్లు ఉండదు. వాటిని తెరలు, పరుపులు, పుస్తకాల అరలు పీల్చుకుంటాయి, చెదరగొడతాయి. మంద్ర స్వరాల తరంగాలు గది అంత పొడవున ఉంటాయి. 40 హెర్ట్జ్ తరంగం ఎనిమిదిన్నర మీటర్లు. అలాంటి తరంగం ఎదురెదురు గోడల మధ్య తిరుగుతూ, పొడవు సరిపోయిన చోట తన మీద తానే పేరుకుని స్థిర తరంగంగా నిలబడుతుంది. అప్పుడు గది ఒక వాద్యం అవుతుంది. దానికి సొంత స్వరాలుంటాయి, వచ్చిన ప్రతి పాటలోనూ ఆ స్వరాలను అదే పలుకుతుంది.

17 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న హాలును తీసుకుంటే, శబ్దవేగం సెకనుకు 343 మీటర్ల లెక్కన, పొడవు వైపు మొదటి స్థిర తరంగం 33 హెర్ట్జ్ దగ్గర, వెడల్పు వైపు 47 దగ్గర, నేలకూ కప్పుకూ మధ్య 56 దగ్గర ఏర్పడతాయి. పొడవు వైపు రెండో తరంగం 66 హెర్ట్జ్. ఒకటో శ్రుతికి పాడే గాయకుడి తంబురాలో మంద్ర షడ్జం సుమారు 65 హెర్ట్జ్. అంటే కచేరీ రికార్డింగు పెట్టిన క్షణం నుంచి ఆగే దాకా ఆ హాలు తంబురాతో పాటు మోగుతూనే ఉంటుంది.

తంబురా నాదంలో అందమంతా అనుస్వరాల్లో ఉంది. బ్రిడ్జి మీద పెట్టే జీవాళి దారం వల్ల తీగ నుంచి పై స్వరాలు ఎలా విచ్చుకుంటాయో సి.వి. రామన్ 1920ల తొలినాళ్లలో పరిశోధించి చూపారు. మామూలు తీగలో రావడానికి వీలులేని అనుస్వరాలు కూడా తంబురాలోనూ వీణలోనూ వస్తాయని ఆయన గమనించారు. రికార్డింగులో మూలస్వరం పొదుపుగా, దాని మీద అనుస్వరాలు నిండుగా ఉంటాయి. గోడకు ఆనించిన సోఫాలో కూర్చున్నవాడికి ఈ పాళ్లు తారుమారవుతాయి. 66 హెర్ట్జ్ స్థిర తరంగం బలం గోడ దగ్గర అత్యధికం, కాబట్టి మూలస్వరం హోరుగా ఉబ్బి అనుస్వరాలను కప్పేస్తుంది. సోఫాను గోడ నుంచి నాలుగడుగులు ముందుకు జరిపితే తల దాదాపు ఆ తరంగపు సున్నా స్థానానికి వస్తుంది, మంద్ర షడ్జం ఆధారం లేనట్టు పలచబడుతుంది. తంబురా, రికార్డింగు, స్పీకర్ మారలేదు. నాలుగడుగుల తేడాలో రెండు వేర్వేరు నాదాలు వినబడ్డాయి.

పౌనఃపున్యం పెరిగేకొద్దీ గది స్వరాలు ఒకదాని మీద ఒకటి కిక్కిరిసి, విడివిడిగా వినబడడం మానేస్తాయి. ఇంత హాలులో సామాన్లుండి ప్రతినాదం అర సెకను మేర ఉంటే ఆ మార్పు 200 హెర్ట్జ్‌కు కొంచెం కింద వస్తుంది. అంతకు దిగువన గది పెత్తనం, అంతకు ఎగువన స్పీకర్ పెత్తనం అని స్థూలంగా చెప్పవచ్చు. దిద్దుబాటుకు గీయవలసిన మొదటి గీత ఇదే.

అసలు శబ్దం ఎక్కడుంది

గది కలిపినదాన్ని తీసేస్తే మిగిలేది అసలు శబ్దం అనుకోవడం సహజం. అసలుకూ నకలుకూ తేడా లేదని నిరూపించడానికి ఎడిసన్ కంపెనీ 1915 నుంచి 1925 వరకు అమెరికాలో బహిరంగ పరీక్షలు జరిపింది. వేదిక మీద గాయని ఫోనోగ్రాఫ్ పక్కన నిలబడి దానితో కలిసి పాడేది, నడుమ పాడడం ఆపేది, దీపాలు ఆర్పేవారు. ఏది గొంతో, ఏది యంత్రమో చెప్పలేకపోయామని శ్రోతలు అనేవారు. ఆ పరీక్షల్లో పాడిన అన్నా కేస్ చాలా ఏళ్ల తరువాత, తన గొంతును యంత్రానికి సరిపోయేట్టు మలచుకుని పాడేదాన్నని చెప్పారు. నకలు అసలును చేరిందని జనం నమ్మిన చోట అసలే నకలు దగ్గరికి నడిచింది. కొలబద్దగా నిలబడవలసినది తనంత తానుగా స్థిరంగా ఉండదని ఈ ఉదంతం చూపుతుంది.

1950ల తెలుగు సినిమా పాటకు ఏది అసలు అన్న ప్రశ్న ఇంకా గట్టిది. అదే పాట థియేటర్‌లో ఫిల్మ్ అంచున ఉన్న ఆప్టికల్ ట్రాక్ నుంచి, పై స్వరాలు బాగా తగ్గి వినబడింది. 78 ఆర్‌పిఎం రికార్డు మీద మరో రంగులో వినబడింది. 1957లో వివిధ భారతి మొదలయ్యాక రేడియో ద్వారా, ఇంకా ఇరుకైన పౌనఃపున్యాల మధ్య ఊరూరా వినబడింది. ఘంటసాల గొంతును ప్రాణప్రదంగా దాచుకున్న లక్షల మంది జ్ఞాపకంలో ఉన్నది ఈ మూడింటిలో ఒకటే కానీ, స్టూడియో మైకు ముందున్న గొంతు కాదు. ఆ పాటను నేడు పెద్ద స్పీకర్ల మీద వింటూ బేస్ పెంచినవాడు పాటకు న్యాయం చేస్తున్నాడా? అప్పటి రికార్డింగులో లేని బేస్‌ను ఈక్వలైజర్ తేలేదు. ఉన్న కాస్త బేస్‌తో పాటు యంత్రాల గుర్రు, తీగల హమ్మింగ్ పెరుగుతాయి.

కొత్త రికార్డింగులకూ గట్టి ఆధారం లేదు. ధ్వని పరిశోధకుడు ఫ్లాయిడ్ టూల్ ఈ చిక్కును ఒక వలయంగా వర్ణించారు. ఇంజనీరు ఒక స్టూడియోలో, కొన్ని స్పీకర్ల మీద వింటూ పాటను మిక్స్ చేస్తాడు. ఆ స్పీకర్లలో బేస్ ఎక్కువైతే పాటలో తగ్గిస్తాడు, తక్కువైతే పెంచుతాడు. ఇంట్లో వినేవాడు ఆ పాటలతోనే తన స్పీకర్ల మంచిచెడ్డలు తేల్చుకుంటాడు. స్పీకర్లు తయారుచేసేవారూ అవే పాటలతో పరీక్షిస్తారు. పాటను స్పీకర్ కొలుస్తుంది, స్పీకర్‌ను పాట కొలుస్తుంది. ఈ వలయం బయట నిలబడి రెండింటికీ తీర్పు చెప్పే ప్రమాణం పూర్తిగా ఎవరి చేతిలోనూ లేదు.

దర్శనాల సమాధానాలు

న్యాయ వైశేషికుల దృష్టిలో శబ్దం ఆకాశం అనే ద్రవ్యానికి గుణం. పుడుతుంది, క్షణాల్లో నశిస్తుంది. ఆంధ్రదేశానికి చెందినవాడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో దాన్ని చెవికి మాత్రమే అందే గుణంగా నిర్వచించి, భేరి మొదలైన వాటి ధ్వని, భాషలోని వర్ణం అని రెండుగా విభజించాడు. భేరి దగ్గర పుట్టిన శబ్దం చెవిని ఎలా చేరుతుందన్న ప్రశ్నకు ఈ సంప్రదాయం ఇచ్చిన సమాధానం గమనించదగినది. మొదటి శబ్దం తన పక్కన రెండోదాన్ని పుట్టించి నశిస్తుంది, రెండోది మూడోదాన్ని పుట్టిస్తుంది. నీటిలో అల తరువాత అల లేచినట్టు, లేదా కడిమి మొగ్గ అన్ని వైపులా ఒక్కసారి విచ్చుకున్నట్టు ఈ పరంపర సాగుతుంది. చెవి గ్రహించేది ఆ వరుసలో చివరిదాన్ని మాత్రమే.

ఈ సిద్ధాంతం ప్రకారం భేరి దగ్గరి మొదటి శబ్దాన్ని ఎవరూ, ఎన్నడూ వినలేదు. కచేరీలో మొదటి వరుసలో కూర్చున్నవాడూ దాని సంతతినే విన్నాడు. పాడుతున్నవాడు తన గొంతును ఎముకల గుండా కూడా వింటాడు కనుక ఎదుటివారు విన్నది అతనికి తెలియదు. న్యాయ మతంలో శ్రవణేంద్రియం కూడా చెవి దొప్పలో పరిమితమైన ఆకాశమే. గోడల మధ్య పరిమితమైన ఆకాశం గది, దొప్పలో పరిమితమైన ఆకాశం చెవి. నేటి ధ్వనిశాస్త్రం దీనికి తోడు నిలుస్తుంది. రెండున్నర సెంటీమీటర్ల చెవి నాళం 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల అనునాదం పొంది అక్కడి స్వరాలను బాగా పెంచుతుంది. ఈ పెంపును ఎవరూ దిద్దబోరు. ప్రతి వినికిడిలోనూ, కచేరీలోనూ ఇంట్లోనూ, ఆ చెవే ఉంటుంది కాబట్టి అది వికారం అనిపించుకోదు. వికారం అనే మాటకు ఇక్కడ ఒక నిర్వచనం దొరుకుతుంది: అన్ని వినికిడుల్లోనూ ఉండేది స్వభావం, ఒక్క చోట మాత్రమే అదనంగా చేరినది వికారం.

మీమాంసకులు మరో దారి పట్టారు. వారి మతంలో వర్ణం నిత్యం, ఉచ్చారణ దాన్ని పుట్టించదు, వ్యక్తం చేస్తుంది. నోటి నుంచి బయలుదేరిన గాలి కూడికలు, విడివడడాలు చెవిని చేరి, అప్పటికే ఉన్న వర్ణాన్ని వినబడేట్టు చేస్తాయని శబరస్వామి వివరించాడు. పదిమంది కలిసి పలికితే శబ్దం పెద్దదవుతుంది కదా, పెరిగేది నిత్యమెలా అవుతుంది అన్న ఆక్షేపణకు జైమిని సూత్రాల్లో జవాబుంది. పెరిగినది నాదం, వర్ణం కాదు. వ్యక్తమయ్యే దానికీ వ్యక్తం చేసే దానికీ మధ్య గీసిన ఈ గీతను పట్టుకుంటే ఆ హాలులోని 66 హెర్ట్జ్ హోరు ఎవరికి చెందుతుందో స్పష్టమవుతుంది. అది పాటలోది కాదు, పాటను మోసుకొచ్చినదానిది. దాన్ని తగ్గిస్తే పాట తగ్గదు.

వాక్యపదీయంలో భర్తృహరి ధ్వనిని రెండుగా చూశాడు. శబ్దాన్ని మొదట గ్రహింపజేసేది ప్రాకృత ధ్వని. ఆ తరువాత కొనసాగుతూ ఉచ్చారణ వేగంలో, నిడివిలో తేడాలు చూపేది వైకృత ధ్వని. వైకృత ధ్వనిలోని తేడాల వల్ల శబ్ద స్వరూపం మారదని అతని నిర్ణయం. గదిలో నేరుగా వచ్చే శబ్దానికీ, గోడల నుంచి తిరిగి వచ్చి నిలిచే శబ్దానికీ మధ్య చెవి ఇలాంటి విభజనే చేస్తుంది. ముందుగా చేరిన శబ్దాన్ని బట్టే చెవి దిక్కును నిర్ణయిస్తుందనీ, కొన్ని మిల్లీసెకన్ల తరువాత వచ్చే పరావర్తనాలను దానిలోనే కలుపుకుంటుందనీ 1949లో హెల్మట్ హాస్ వంటివారి ప్రయోగాలు చూపాయి. మైకుకు ఈ వివేకం లేదు. వచ్చినదంతా ఒకే రాశిగా లెక్కకడుతుంది.

ధ్వని శబ్దాన్ని వ్యక్తం చేస్తుందంటే దేన్ని సంస్కరిస్తుందన్న దానిపై భర్తృహరి మూడు వాదాలను నమోదు చేశాడు. ఇంద్రియాన్ని సంస్కరిస్తుందని ఒకటి, శబ్దాన్నే సంస్కరిస్తుందని మరొకటి, రెండింటినీ అని మూడోది. కాటుక, ఏకాగ్రత ఇంద్రియానికి సంస్కారం. ఎండిన నేల మీద నీళ్లు చల్లితే మట్టివాసన తెలియడం విషయానికి సంస్కారం. నీళ్లు ఆ వాసనను సృష్టించలేదు, ఉన్నదాన్ని బయటపెట్టాయి. గదిని, స్పీకర్‌ను, ఈక్వలైజర్‌ను సర్దడం ఈ రెండో తరగతి పని. అది నీళ్లు చల్లడంగా ఉన్నంత వరకు దానికి అభివ్యక్తి అన్న పేరు తగుతుంది. అత్తరు పోయడంగా మారినప్పుడు తగదు.

తొలగించగల అడ్డు, తొలగించలేని అడ్డు

అభివ్యక్తి హద్దులో ఈక్వలైజర్ బాగా చేయగల పని ఒకటుంది. మంద్ర స్థాయిలో గది స్వరం ఉబ్బిన చోట, సరిగ్గా అదే పౌనఃపున్యం దగ్గర, అదే వెడల్పున తగ్గించడం అది. హాలు ఉదాహరణలో గోడ దగ్గర కూర్చునేవాడి కోసం 66 హెర్ట్జ్ దగ్గర ఇరుకైన పట్టీలో ఎనిమిది డెసిబెల్‌లు తగ్గిస్తే ఉబ్బు పోవడమే కాక, స్వరం ఆగాక కూడా గది మోగుతూ ఉండే తోక కురచవుతుంది. మంద్రంలో ఉబ్బు, తోక ఒకే అనునాదానికి రెండు ముఖాలు కనుక ఒకటి తగ్గితే రెండోదీ తగ్గుతుంది. తంబురా అనుస్వరాలు మళ్లీ పైకి తేలతాయి. వాటిని ఎవరూ పెంచలేదు, కప్పినది తొలగింది.

శబ్దం తగ్గిపోయిన చోట్ల ఈ న్యాయం నడవదు. స్పీకర్ వెనుక గోడకు మీటరు దూరంలో ఉంటే గోడకు తగిలి వచ్చిన తరంగం 86 హెర్ట్జ్ చుట్టూ నేరు తరంగానికి ఎదురై దాన్ని రద్దు చేస్తుంది. ఆ గుంటను పూడ్చాలని అక్కడ పది డెసిబెల్‌లు పెంచితే ఆంప్లిఫయర్ పది రెట్ల శక్తి ఖర్చుచేయాలి. పెంచినంతా మళ్లీ గోడకు తగిలి వచ్చి రద్దవుతుంది, స్పీకర్ మాత్రం వేడెక్కుతుంది. లేని చోట ఎంత పోసినా నిలవదు. ఈ లోపానికి మందు స్పీకర్‌ను జరపడం, కూర్చునే చోటు మార్చడం. సర్దగలిగినదంతా సర్దాక మిగిలినదానికే ఈక్వలైజర్ అని అనుభవజ్ఞులు చెప్పే వరుసకు ఇదే కారణం.

గది స్వరాలు కిక్కిరిసే హద్దుకు ఎగువన మరో జాగ్రత్త అవసరం. మైకు పెట్టి, 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు సాగే స్వరాన్ని వినిపించి, రూమ్ ఈక్యూ విజార్డ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో గీత గీసి చూస్తే ఎగువన అంతా ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. దాన్ని సమతలం చేయాలని అనిపిస్తుంది. ఆ గీతలో నేరు శబ్దం, పరావర్తనాలు కలిసిపోయి ఉన్నాయి. చెవి విడదీసి వినగలిగినవి మైకు దగ్గర ఒకటయ్యాయి. మంచి స్పీకర్ నుంచి నేరుగా వస్తున్న సరైన శబ్దాన్ని, చెవి ఎలాగూ పట్టించుకోని పరావర్తనాల కోసం వంకర చేస్తే గీత చక్కబడి వినికిడి చెడుతుంది. కంటికి కనిపించే ప్రమాణాన్ని చెవికి సంబంధించిన సత్యంగా పొరబడడం ఇది. ప్రత్యక్షం, అనుమానం, శబ్దం అని ప్రమాణాలను విడదీసి, దేని విషయం దానికే అని చెప్పిన సంప్రదాయానికి ఈ పొరపాటు కొత్తది కాదు.

మరో ప్రశ్న నీతికి సంబంధించినది. దిద్దుబాటు ఎవరి కుర్చీ కోసం? గోడ దగ్గరివాడి కోసం 66 హెర్ట్జ్ తగ్గిస్తే, నాలుగడుగుల ముందు కూర్చున్నవారికి అసలే లేని షడ్జం ఇంకా లేకుండా పోతుంది. ఒకరికి వికారం తీయడం మరొకరికి వికారం కలపడం అవుతుంది. ఇంటిల్లిపాదీ కూర్చునే హాలులో ఒక్క చోట కొలిచి దిద్దడం సరికాదు. అనేక చోట్ల కొలిచి, అన్ని చోట్లా ఉబ్బిన వాటినే తగ్గించడం న్యాయం. ఒక్క కుర్చీకి మాత్రమే ఉన్న దోషాన్ని ఆ కుర్చీ జరిపి తీర్చాలి.

చెవి, రుచి

గది కలిపినది తీసేశాక కూడా శ్రోతకు ఇంకా మార్చాలనిపిస్తుంది. ఇందులో కొంత చెవి స్వభావం వల్ల వచ్చేది. చిన్న శబ్దాల వద్ద చెవికి మంద్ర స్వరాలు సరిగా అందవని ఫ్లెచర్, మన్సన్ 1933లో వక్రరేఖలు గీసి చూపారు. 2003 నాటి ఐఎస్‌ఓ 226 ప్రమాణం ప్రకారం 1,000 హెర్ట్జ్ స్వరం 40 డెసిబెల్‌ల వద్ద ఎంత గట్టిగా వినబడుతుందో, 63 హెర్ట్జ్ స్వరం అంత గట్టిగా వినబడడానికి 30 డెసిబెల్‌లకు పైగా ఎక్కువ కావాలి. శబ్దం పెద్దదయ్యేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది. కాబట్టి కచేరీ స్థాయిలో రికార్డయిన పాటను రాత్రి పూట ఇరుగుపొరుగు నిద్రకు భంగం కాకుండా మెల్లగా విన్నప్పుడు మృదంగం తొప్పి (మంద్రంగా పలికే ఎడమ వైపు) నాదం మాయమవుతుంది. అప్పుడు బేస్ కొంత పెంచడం పాటలోని పాళ్లను చెవిలో నిలబెట్టడమే. ఇది అభివ్యక్తి హద్దులోనే ఉంది, ఎందుకంటే ఆ లోటు మెల్లగా వినే ఆ సందర్భానికి మాత్రమే చెందినది.

వయసు వల్ల వచ్చే లోపం చిక్కైనది. నడివయసు దాటినవారికి పై స్వరాలు క్రమంగా అందకుండా పోతాయి. వారు ట్రెబుల్ పెంచుకోవడం సత్యానికి దగ్గర కావడమా? పైన చెప్పిన నిర్వచనం ప్రకారం ఆ చెవి కచేరీకి కూడా అదే స్థితిలో వెళుతుంది. అక్కడి తాళం చప్పుడు, ఇంట్లోని తాళం చప్పుడు ఒకే తీరున వినబడితే రికార్డింగు తన పని చేసినట్టే. అయినా కళ్లద్దాలు పెట్టుకున్నవాడు లోకాన్ని మార్చాడని ఎవరూ అనరు. ఇంద్రియ సంస్కారాన్ని భర్తృహరి కాటుకతో పోల్చినది కూడా ఇలాంటి సహాయం గురించే. ఈ పెంపు ఆ శ్రోతకు న్యాయమైనది. అదే గదిలో కూర్చున్న యువకుడికి అది వికారం.

మిగిలినది రుచి. మంద్రం నుంచి పైకి వెళ్లేకొద్దీ మెల్లగా వాలే గీతను గదిలో చాలామంది శ్రోతలు ఇష్టపడతారని ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ వంటివారి పరిశోధనల్లో తేలింది. ఎంత బేస్ కావాలన్న దానిపై మాత్రం శ్రోతలు భిన్నంగా ఉంటారు. రుచిని తప్పు పట్టవలసిన పని లేదు. గాయకులు, వాద్యకారులు కూడా రుచితోనే నాదాన్ని మలుస్తారు. మృదంగ విద్వాంసుడు తొప్పి మీద రవ్వ ముద్దను కలుపుతూ తీస్తూ తనకు కావలసిన గాంభీర్యం తెచ్చుకుంటాడు. రుచిని సత్యం పేరుతో చలామణీ చేయడంలోనే దోషం ఉంది. ‘ఇలా ఉంటే నాకు బాగుంది’ అనే మాటలో వినయం ఉంది. ‘ఇదే అసలు’ అనే మాటకు ఆధారం చూపాలి.

ఈ రెండింటినీ విడదీసి తెలుసుకునే ఉపాయం ఈక్వలైజర్‌లోనే ఉంది. దిద్దుబాటును పూర్తిగా పక్కకు తప్పించే మీట చాలా పరికరాల్లో ఉంటుంది. దాన్ని వేస్తూ తీస్తూ పోల్చేటప్పుడు రెండు వైపులా శబ్ద తీవ్రత సమానం చేయాలి. కొంచెం బిగ్గరగా ఉన్నది సాధారణంగా మెరుగ్గా తోస్తుంది. తీవ్రత సమం చేశాక కూడా పలు రకాల పాటల్లో, పలు గొంతుల్లో మేలు వినిపిస్తే అది గదిలోని అడ్డు తొలగినట్టు గుర్తు. ఒక పాటలో బాగుండి మరో పాటలో బాగోలేకపోతే ఆ దిద్దుబాటు గదికి కాదు, ఆ పాటకు జరిగింది. గది దోషం పాటను ఎంచుకోదు, అన్నింటిలోనూ ఒకే చోట కనిపిస్తుంది. పాట మీద ఇష్టాయిష్టాలు మాత్రం పాటతో పాటు మారతాయి.

హద్దు

పై చర్చను బట్టి ఈక్వలైజర్ వాడకం నాలుగు మెట్ల మీద జరుగుతుంది. వికారమూ, విరుగుడూ రెండూ తెలిసిన చోట, ఉదాహరణకు గ్రామఫోన్ రికార్డు విషయంలో, దిద్దడం తప్పనిసరి. గది స్వరాలు మంద్రంలో ఉబ్బిన చోట తగ్గించడం అడ్డు తొలగించడమే, పాటకు దానివల్ల నష్టం లేదు. మెల్లగా వినే సందర్భానికో, బలహీనపడిన చెవికో సహాయంగా పెంచడం ఆ శ్రోతకు పరిమితమైన న్యాయం. ఆ తరువాతదంతా కొత్త నాదాన్ని పుట్టించడం. అదీ చేయవచ్చు, కానీ పుట్టిస్తున్నామని తెలిసి చేయాలి.

భేరి దగ్గరి మొదటి శబ్దం ఎవరికీ దొరకనప్పుడు శ్రోత బాధ్యత ఏమిటన్నదే ఈ విషయంలో చివరి ప్రశ్న. అసలు దొరకదు కాబట్టి ఏదైనా ఒకటే అనుకుంటే తంబురా మీద హోరు కప్పినా పట్టదు. అసలు తన చేతిలోనే ఉందనుకుంటే గీతలు సమం చేస్తూ పాట వినడం మరిచిపోవడం జరుగుతుంది. తనకు చేరిన నాదానికి తన గది ఏమి కలుపుతోందో తెలుసుకుని, దాన్ని వీలైనంత తీసివేయడం వరకే శ్రోత వంతు. వినేచోట జరిగే వికారానికి అతను బాధ్యుడు, రికార్డింగులో జరిగిన నిర్ణయాలకు కాడు. ఆ హద్దు దాకా దిద్దిన తరువాత మిగిలేది భర్తృహరి చెప్పిన మొదటి సంస్కారం, ఏకాగ్రత. కొంతసేపు నిలకడగా కూర్చున్న చెవి గది పరావర్తనాలకు అలవాటు పడి, వాటిని దాటి పాటను వినడం నేర్చుకుంటుంది. ఆ పని మీటలు జరుపుతున్నంతసేపు మొదలు కాదు.